భక్తికి విచారణ శత్రువా?

సింహాచలమున వరాహలక్ష్మీనృసింహస్వామి నిజరూపము సంవత్సరమునకు ఒక్క దినము మాత్రమే భక్తుల కన్నులబడును. వైశాఖ శుద్ధ తదియనాటి ఆ దర్శనమునకై ఉత్తరాంధ్రమునుండియేగాక ఒడిస్సానుండియు జనులు తండోపతండములుగా వత్తురు. తక్కిన దినములలో ఆ మూర్తి చందనపు పూతచాటున శివలింగమువలె గన్పట్టును. ఆ తదియనాడును, వైశాఖ జ్యేష్ఠ ఆషాఢ పూర్ణిమలయందును మూడేసి మణుగుల చొప్పున, మొత్తము పండ్రెండు మణుగుల చందనమును స్వామికి సమర్పించుట ఆచారము. నేటి తూనికలో నది సుమారు 500 కిలోలు.

ఈ క్షేత్రమును గూర్చి మన పఠనమందిరములలోను, కళాశాలల వసారాలలోను తఱుచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ప్రహ్లాదుడు ఈ కొండపై స్వామిని ప్రతిష్ఠించెననియు, ఆలయము శిథిలమైన పిదప పురూరవుడు విగ్రహమును మరల కనుగొనెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఇది జరిగిన కథయా? జరుగనిదేని కొండ యెక్కుట ఎందులకు? జరిగినదేని పాఠశాలలో మనము నేర్చిన భూగోళ ఖగోళ విజ్ఞానమును ఏ గంగలో కలుపవలెను? పెద్దలు ఈ ప్రశ్నను ధిక్కారమని త్రోసివేయుదురు. యువకులు ప్రశ్నతోబాటు కొండనే త్రోసివేయుదురు. ఇరుతెగలవారును తొందరపడుచున్నారని మా అభిప్రాయము.

సింహగిరిని గూర్చి మూడు సాక్ష్యములు గలవు. మొదటిది కొండరాయి. తూర్పుకనుమల ఈ రాతికి 1902లో వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఖోండు జాతి ప్రజల పేరిట ఖొండలైటు అని నామకరణము చేసెను. భూమి లోతులలో మిక్కుటమైన వేడికిని ఒత్తిడికిని లోబడి ఈ రాయి నేటి రూపము దాల్చి సుమారు నూఱు కోట్ల సంవత్సరములైనదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. భీమునిపట్టణపు తీరమున ఇసుకలో మెఱయు ఎఱ్ఱని గార్నెట్టు కణములు ఈ జాతి రాళ్ళు అరిగి అరిగి వచ్చినవే. రెండవది శాసనము. ఆలయపు గోడలమీదను స్తంభములమీదను వందలకొలది శాసనములు గలవు. వానిలో మిక్కిలి ప్రాచీనమైనది క్రీ. శ. 1098-99 నాటిది. తూర్పుగాంగుల కాలమున, 13వ శతాబ్దిలో, నేటి ఆలయము రూపుదాల్చినది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఇచటికి వచ్చి సమర్పించిన కానుకలు సయితము రాతిపై నున్నవి. మూడవది పురాణము. మన పంచాంగపు లెక్కనుబట్టి చూచినను కృతయుగము ముగిసి యిరువదియొక్క లక్షల సంవత్సరములు దాటినది. ప్రహ్లాదుని కాలము అంతకును ముందటిది.

ఈ మూడు సాక్ష్యములను న్యాయస్థానమున నిలిపినచో ఏమగును? రాయి తన వయస్సును గూర్చి తానే చెప్పుకొనుచున్నది. పరీక్షింపగోరు ప్రతివానికి ఆ పరీక్ష యందుబాటులో నున్నది. శాసనము తన కాలమునకు తానే ప్రత్యక్షసాక్షి. చెక్కినవాడు అబద్ధమాడినను చెక్కిన లిపి అబద్ధమాడదు. పురాణమో, విన్నవారి నోట విన్నవారు చెప్పిన మాట. 1872 నాటి సాక్ష్యచట్టమైనను, 2024 జులైలో దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమైనను, వినికిడి మాటకు సాధారణముగా చోటీయవు. కావున కొండ యెప్పుడు పుట్టినది, గుడి యెప్పుడు కట్టబడినది అను ప్రశ్నలకు స్థలపురాణము సాక్షి కాజాలదు. ఈ మాట నంగీకరించుటకు భక్తునకు భయమెందులకు?

భయముండుటచేతనే కాబోలు, కొందఱు విద్యావంతులు వేఱొక మార్గమును త్రొక్కుచున్నారు. పురాణమే విజ్ఞానశాస్త్రమని వారి వాదము. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెస్సున, నాడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిన పెద్దలు, కౌరవులు నూర్గురు పరీక్షనాళికలద్వారా పుట్టిన శిశువులనియు, దశావతారములు డార్విను సిద్ధాంతమును మించిన పరిణామవాదమనియు పలికిరి. దేశమందలి శాస్త్రజ్ఞులు పలువురు బహిరంగముగా నిరసనలు తెలిపిరి. సింహాచలేశుడు వరాహనరసింహుల కలయిక గనుక ఈ వాదము మన గుమ్మములోనికే వచ్చినది. దీనిని సూటిగా విచారింతము. చేప, తాబేలు, పంది, నరసింహము, వామనుడు అను వరుస జీవపరిణామమును పోలియున్నట్లు పైకి తోచును. కాని పరిణామవాదము వరుస చెప్పి యూరకుండునది గాదు. 1859లో డార్విను గ్రంథము వెలువడినప్పుడు దానికి బలమిచ్చినది కారణనిరూపణము: జీవులలో భేదము లుండును, అవి సంతతికి సంక్రమించును, పరిసరములకు తగినవి నిలుచును అను మూడు మాటలు. వానిని పరీక్షింపవచ్చును, తప్పైనచో తప్పని తేల్చవచ్చును. దశావతారములలో నట్టి పరీక్ష ఏదీ లేదు. కవి అట్టిదానిని ఉద్దేశింపనూ లేదు. పోలిక చూచి మురిసి, లేని శాస్త్రమును పురాణమునకు అంటగట్టుట శాస్త్రమునకు ద్రోహము, పురాణమునకు అవమానము. డార్విను చెప్పినదే చెప్పుటకైనచో వరాహనరసింహునితో మనకు పని యేమి?

ఇట్లే మఱియొక మాటయు వినవచ్చుచుండును. మన కల్పము 432 కోట్ల సంవత్సరములు. నేటి శాస్త్రజ్ఞులు లెక్కించిన భూమి వయస్సు సుమారు 454 కోట్లు. కావున మన ఋషులకు సర్వము తెలియునని. అంత దీర్ఘమైన కాలమును ఊహింపగల్గిన మన పూర్వుల మనోవైశాల్యమునకు మేమును చేతులు జోడింతుము. కాని ఊహ వేఱు, కొలత వేఱు. రాళ్ళయందలి యురేనియము సీసముగా మాఱు వేగమును కొలిచి వయస్సు కట్టుట కొలత. రెండు సంఖ్యలు దగ్గఱపడినంతమాత్రమున ఒకటి రెండవదానికి ఋజువు కాదు. దేశాభిమానమునకు అబద్ధపు ఊతకఱ్ఱ లక్కఱలేదు. నిజముగా మనవారు సాధించినది చాలును.

సాధించినది ఏమందురా? 499లో ఆర్యభటుడు గ్రహణము ఛాయవలన గలుగునని వ్రాసెను. భూమి తనచుట్టు తాను తిరుగుచున్నదనియు చెప్పెను. రాహుకేతువులు మ్రింగుదురను కథ ఆ దినములలోను ప్రచారములో నుండెను. అయినను మన జ్యోతిష్కులు గ్రహణకాలమును గణించునపుడు రాహువు ఆకలిని గణింపలేదు, ఛాయనే గణించిరి. నేటికిని పట్టుస్నానమునకు ముహూర్తము చెప్పు పంచాంగకర్త ఆ ముహూర్తమును కథనుండి తెచ్చుట లేదు, గణితమునుండి తెచ్చుచున్నాడు. అనగా సందేహించి, కొలిచి, తేల్చుకొను పద్ధతి పరదేశమునుండి దిగుమతియైన సరకు గాదు. శంకరభగవత్పాదులంతటివారు గీతాభాష్యమున, ప్రత్యక్షముగా ఎఱుగదగిన విషయమున ప్రత్యక్షమునకు విరుద్ధముగా శ్రుతివాక్యములు ఎన్ని పలికినను అవి ప్రమాణములు కాజాలవని స్పష్టపఱచినారు. గీతాచార్యుడు సయితము బోధయంతయు ముగించి, చక్కగా విమర్శించి నీ యిచ్చవచ్చినట్లు చేయుమని అర్జునునకే నిర్ణయమును విడిచినాడు. మతము పేర ప్రశ్నను నోరుమూయించువారు ఏ మతము పేర ఆ పని చేయుచున్నారో మాకు బోధపడకున్నది.

మన విశాఖపట్టణపు చరిత్రయే దీనికి తార్కాణము. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు డాబాగార్డెన్సున సొంత వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని వృద్ధిపఱచి, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా సాగుటను పరిశీలించిరి. అంతకు ముందు 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి పండితుడు జాన్సెను గుంటూరునుండి వర్ణపటదర్శినితో చూచెను. ఆ కాలపు పరిశీలనల ఫలముగనే సూర్యునియందు హీలియమను మూలకము గలదని లోకమునకు తెలిసినది. తెలుగునేలమీద నిలిచి చూచిన గ్రహణము లోకమునకొక క్రొత్త మూలకమును చూపుటలో పాలుపంచుకొన్నది. ఆ నేలమీదనే 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణమునాడు ఒకవంక జపాల-రంగాపురమునందలి ఉస్మానియా వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులు తిప్పుచుండ, మఱియొకవంక ఎందఱో తలుపులు బిడాయించుకొని కూర్చుండిరి. ఈ రెండు దృశ్యములలో ఏది మన వారసత్వమో మనమే నిర్ణయించుకొనవలెను.

ఇంతవఱకు చదివి, "అట్లయిన గుడి అబద్ధము" అని యువకులు చప్పట్లు కొట్టుదురేమో. వారితోను మాకు వాదము గలదు. స్థలపురాణము చరిత్ర కాదని తేలినంతమాత్రమున స్థలమునకు అర్థము లేదని తేలదు. 13వ శతాబ్దిలో కృష్ణమాచార్యుడు సింహగిరి నరహరి నుద్దేశించి వచనములు చెప్పినాడు. తెలుగు వచనమునకు తొలి సంపదలలో అది యొకటి. ఆ వచనముల ఆర్తి పురూరవుని తేదీపై ఆధారపడియున్నదా? తల్లి బిడ్డకై చేయు మ్రొక్కును భూగర్భశాస్త్రము ఖండింపలేదు, సమర్థింపనూ లేదు. అది ఆ శాస్త్రము అడుగు ప్రశ్నయే కాదు. న్యాయశాస్త్రము చూడుడు: దేవతామూర్తికి చట్టము వ్యక్తిత్వ మిచ్చినది. 1925లో ప్రివీ కౌన్సిలు ఈ సిద్ధాంతమును స్థిరపఱచెను. దేవుడు భూమికి యజమాని కావచ్చును, వ్యాజ్యమాడవచ్చును. సింహాచల పంచగ్రామముల భూవివాదమున ఒకప్రక్క ప్రజలును ఒకప్రక్క దేవుడును నిలిచియుండుట ఈ సిద్ధాంతమువల్లనే. కాని దేవుడున్నాడా లేడా అని ఏ న్యాయమూర్తియు తీర్పు చెప్పుట లేదు. భక్తుల సంకల్పము నిజము, వారి దానము నిజము, దానిని కాపాడవలసిన ధర్మము నిజము; అంతవఱకే చట్టము పోవును. ఎచట ఆగవలెనో ఎఱిగియుండుట అజ్ఞానము గాదు.

మఱి నాస్తికుని సంగతి యేమి? వృక్షశాస్త్రోపాధ్యాయులు గోపరాజు రామచంద్రరావుగారు, గోరాగారు, 1933లో నాస్తికభావములకై కాకినాడ కళాశాలనుండి తొలగింపబడిరి. 1940లో ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. ఆ గోరాగారితో గాంధీమహాత్ముడు సేవాగ్రామమున చర్చించి గౌరవించెను. గోరాగారి కుమార్తెకు, నాడు అస్పృశ్యులనబడిన వారిలోని యువకునితో వివాహము 1948లో, మహాత్ముని మరణానంతరము, ఆ యాశ్రమమందే జరిగినది. దేవుని నమ్మినవాడును నమ్మనివాడును ఒక అన్యాయమును కూల్చుటకు చేతులు కలిపిరి. వారి నడుమ సత్యము వారధి. మన నడుమను అదియే కావలెను.

అయితే విజ్ఞానమును విశ్వాసమును వేర్వేఱు గదులలో పెట్టి తాళములు వేసికొనిన చాలునా? చాలదు. విశ్వాసము ఈ లోకపు కార్యకారణములను గూర్చి మాటలాడిన క్షణమున అది విచారణకు లోబడవలెను. 1934 జనవరి 15న బీహారమున ఘోర భూకంపము సంభవించినది. హరిజనయాత్రలో నుండిన మహాత్ముడు అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యనెను. రవీంద్రనాథుడు వెంటనే ప్రతివాదించెను: భౌతికోత్పాతములకు భౌతికకారణములే యుండునని. మహాత్ముడు ఆ విమర్శను తన హరిజన పత్రికలోనే అచ్చువేసి తన సమాధానమును ప్రకటించెను. మహాత్ముని పాదములకు మ్రొక్కుచునే, ఈ వాదమున మేము రవీంద్రుని పక్షము వహించుచున్నాము. భూకంపము పాపఫలమేయైనచో కూలిన గుడిసెలలోని నిరుపేదలు, ఆ అస్పృశ్యతవలన బాధపడినవారే, ఏ పాపము చేసిరి?

ఈ ప్రశ్న పుస్తకములకు సంబంధించినది గాదు. 2025 ఏప్రిల్ 30, చందనోత్సవమునాడు, తెల్లవాఱకమునుపే, వానలో వరుసలో నిలిచియున్న భక్తులపై క్రొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు మరణించిరి. ప్రభుత్వము విచారణసంఘమును నియమించినది. ఆనాడు కొందఱి నోట వినవచ్చిన మాటలు రెండు: "స్వామికి కోపము వచ్చినది" యని యొకటి, "స్వామి సన్నిధిలో పోయిరి, ధన్యులు" అని యొకటి. రెండును భక్తివలె వినిపించును. రెండును గోడ కట్టినవారికి, కట్టించినవారికి, చూచి ఊరకున్నవారికి రక్షాకవచములు. గోడకు పునాది యెంత, నీరు పోవు దారి యెక్కడ, సామగ్రి యేది, దానిని పరీక్షించి సంతకము చేసినవారెవరు? ఈ ప్రశ్నలకు ఉత్తరము నృసింహుని ఉగ్రరూపమున లేదు. ఇంజనీరుల కాగితములలో నున్నది. భక్తుని ప్రాణమును కాపాడగోరు విచారణను నాస్తికమనుట ఎంతటి విపరీతము! భక్తి గలవాడే అందఱికంటె ముందుగా ఆ కాగితములను అడుగవలెను. వరుసలో నిలువబోవునది అతని యిల్లాలు, అతని బిడ్డలు గనుక.

కప్పస్తంభము సంగతియు ఇట్టిదే. దానిని కౌగిలించినచో సంతానము కలుగునని విశ్వాసము. ఆశపడువారి ఆశను మేము పరిహసింపము. కాని స్తంభమును కౌగిలించిన మూడేండ్లకును బిడ్డ పుట్టలేదని భార్యను పుట్టినింటికి తఱుముట న్యాయవాదులమైన మాకు క్రొత్త కథ గాదు. లోపము పురుషునియందును ఉండవచ్చునని వైద్యశాస్త్రము పరీక్షచేసి చెప్పుచుండగా, ఆ పరీక్షకు పోక ఇల్లాలిమీద నింద మోపుట భక్తి యెట్లగును? స్తంభమునకు పోవువారు పోవుదురుగాక. భార్యాభర్తలిద్దఱును వైద్యుని యొద్దకును పోవలెను.

ఇక గ్రంథప్రామాణ్యమును గూర్చి ఒక్కమాట. గ్రంథములలో నున్నదను సాకుతోనే తరతరములుగా కొన్ని కులములవారిని గుడి గడప త్రొక్కనీయలేదు. 1947లో మద్రాసు శాసనసభ ఆలయప్రవేశ చట్టమును చేసినది. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. ఆ దినములలో గ్రంథమును ప్రశ్నింపరాదని అందఱును ఊరకుండినచో, నేడు నిజరూపమును చూచుచున్న భక్తులలో ఎందఱు మెట్లక్రిందనే నిలిచియుందురు? గ్రంథమును ప్రశ్నించినందువలన దేవుడు చిన్నవాడు కాలేదు. ఆయన గుడి పెద్దదైనది. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన పౌరకర్తవ్యములలో శాస్త్రీయదృష్టిని, మానవతను, విచారణాశక్తిని పెంపొందించుకొనుట యొకటి. ఈ మూటిని ఒకేచోట కూర్చినవారి వివేకము కొనియాడదగినది.

"సందేహమునకు తలుపు తెఱచిన నది యెక్కడ ఆగును?" అని పెద్దలడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కొన్ని పోవునని ఒప్పుకొందుము. ప్రహ్లాదుడు ఫలాని సంవత్సరమున ఈ కొండ యెక్కెనను నమ్మకము పోవచ్చును. కాని తండ్రి రాజైనను, గురువు శిక్షించినను, తన మనస్సునకు సత్యమని తోచనిదానిని నాలుకతో పలుకనని నిలిచిన బాలుడు పోడు. మహాత్ముడు సత్యాగ్రహికి ఆదర్శముగా తఱుచు పేర్కొన్నది ఆ బాలునే. అధికారము చెప్పినదంతయు నమ్మనివానిని కథానాయకునిగా నిలిపిన క్షేత్రమున, నమ్ము ప్రశ్నింపకు మని బోధించుట ఆ కథకే విరుద్ధము.

కావున మా సూచనలు మూడు. దేవస్థానమువారు స్థలపురాణముతోబాటు ఆలయశాసనముల సారాంశమును నేటి తెలుగులో, తేదీలతో, యాత్రికులకు కనుపించునట్లు ఫలకములపై వ్రాయింపవలెను. పాఠశాలలలో పురాణమును సాహిత్యముగాను, విజ్ఞానమును విజ్ఞానముగాను నేర్పవలెను. ఒకదాని వేషము ఒకదానికి వేయరాదు. ప్రతి చందనోత్సవమునకు ముందు గోడలు, పందిళ్ళు, మెట్లు, వరుసమార్గములు పరీక్షించి సంతకము చేసినవారి పేర్లతో బహిరంగ ప్రకటన గావింపవలెను. వీనిలో ఏ యొక్కటియు భక్తిని తగ్గించునది గాదు.

చందనమును ఒలుచుట అపచారమని ఎంచినచో మన పూర్వులు నిజరూపదర్శనమను పర్వమునే యేర్పఱచియుండరు. సంవత్సరమున కొక్కనాడైనను పూతను తొలగించి, ఉన్నదానిని ఉన్నట్లు చూచి, పిదప మరల భక్తితో చందనము నలదుట సింహాచలపు ఆచారము. చూచిన కన్నులకు భక్తి తగ్గెనని ఇంతవఱకు ఏ అర్చకుడును ఫిర్యాదు చేసినట్లు మేము వినలేదు.